నిత్య ధ్యానాభ్యాసం: ప్రయోజనాలు, పరిమితులు

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ధ్యానం అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు. ధ్యానానికీ విశ్రాంతికీ తేడా చెప్పగలుగుతారు.
• ధ్యానం చేసేటప్పుడు శరీరంలో, మనసులో ఏం జరుగుతుందో వివరించగలుగుతారు.
• ధ్యానం ప్రయోజనాలపై జరిగిన ముఖ్య పరిశోధనలు ఏం నిరూపించాయో, ఏం నిరూపించలేదో విశ్లేషించగలుగుతారు.
• మీ దినచర్యకు తగిన ధ్యానాభ్యాసాన్ని రూపొందించుకోగలుగుతారు.
• ఏ సందర్భంలో ధ్యానం సరిపోదో, ఎప్పుడు వైద్యసహాయం తీసుకోవాలో గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

ఒత్తిడి శరీరం మీద, మనసు మీద చూపే ప్రభావాలను కిందటి భాగంలో తెలుసుకున్నారు. ఒత్తిడిని తట్టుకోవడానికి మనకు అందుబాటులో ఉన్న మార్గాలలో ఒకటైన ధ్యానాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం.

ముందుగా ఒక ప్రదేశాన్ని గుర్తుకు తెచ్చుకుందాం. హైదరాబాదులోని అమీర్‌పేట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మియాపూర్ - ఎల్.బి. నగర్, నాగోల్ - రాయదుర్గం మెట్రో మార్గాలు రెండూ కలిసేది ఇక్కడే. ఉదయం ఏడు గంటలకే మైత్రీవనం పరిసరాల్లోని సందులన్నీ నిండిపోతాయి. జావా, పైథాన్, క్లౌడ్ అంటూ గోడల నిండా బోర్డులు. భుజాన సంచీ తగిలించుకుని ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు పరుగెత్తే యువతీయువకులు. వీరిలో చాలామంది దూరపు జిల్లాల నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ వైపు హాస్టళ్లలో ఒక్కో గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటారు. కొందరి ఫీజు అప్పు తెచ్చి కట్టినది. 'ఉద్యోగం సంగతి ఏమైంది?' అని ఇంటి నుంచి వచ్చే ఫోను మోగితే తీయడానికి భయపడేవారూ ఉన్నారు.

అక్కడి నుంచి ఒక్క స్టేషను దూరంలో పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఆసుపత్రి ఆవరణలో మరో రకం ఒత్తిడి కనిపిస్తుంది. రోగికి తోడుగా వచ్చినవారు రిపోర్టు కోసం, డాక్టరు పిలుపు కోసం గంటల తరబడి ఎదురుచూస్తుంటారు. వారి చేతిలో ఫైలు ఉంటుంది, మనసు మాత్రం ఎక్కడెక్కడో తిరుగుతూ ఉంటుంది.

ఈ రెండు చోట్లా ఎవరో ఒకరు ఇచ్చే సలహా ఒకటే: 'రోజూ కాసేపు ధ్యానం చెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి.' ఈ మాటలో ఎంత నిజం ఉంది? అప్పు తీరుతుందా? జబ్బు నయమవుతుందా? అలా కానప్పుడు ధ్యానం వల్ల ఒరిగేదేమిటి? ఈ భాగం చర్చించే ప్రశ్న ఇదే.

6.2 ధ్యానం అంటే ఏమిటి?

ఎంచుకున్న ఒక విషయం మీద మనసు నిలపడం, అది పక్కకు వెళ్లినప్పుడు గమనించడం, విసుక్కోకుండా తిరిగి తీసుకురావడం - ఈ మూడు పనులను నియమంగా చేసే అభ్యాసాన్ని ధ్యానం అని స్థూలంగా నిర్వచించవచ్చు. ఎంచుకునే విషయం శ్వాస కావచ్చు, ఒక శబ్దం కావచ్చు, శరీరంలోని స్పర్శ కావచ్చు, ప్రార్థన కావచ్చు.

ఈ నిర్వచనంలో రెండో పనికీ మూడో పనికీ ఎక్కువ ప్రాధాన్యం ఉంది. మనసులో ఆలోచనలే రాకూడదని చాలామంది అనుకుంటారు. కూర్చున్న నిమిషానికే ఆలోచనలు ముసురుకోవడంతో 'ఇది నావల్ల కాదు' అని లేచిపోతారు. ఆలోచన రావడం మనసు స్వభావం. పదిహేను నిమిషాలలో నలభైసార్లు మనసు చెదిరి, నలభైసార్లు దాన్ని వెనక్కి తెచ్చుకున్న వ్యక్తి అభ్యాసంలో విఫలమైనట్లు భావించరాదు. నలభైసార్లు అభ్యాసం చేసినట్లు లెక్క.

ధ్యానానికీ విశ్రాంతికీ కూడా తేడా ఉంది. పడుకుని పాటలు వింటున్నప్పుడు శరీరం సేదదీరుతుంది, మనసు తన ఇష్టం వచ్చినట్లు తిరుగుతుంది. ధ్యానంలో శరీరం నిశ్చలంగా ఉంటుంది కానీ మనసు మెలకువగా ఒక పని చేస్తూ ఉంటుంది. అందుకే కొత్తవారికి ధ్యానం మొదట్లో హాయిగా కాక శ్రమగా తోచవచ్చు.

6.3 ధ్యాన సంప్రదాయాలు: సంగ్రహ పరిచయం

పతంజలి యోగసూత్రాలు చెప్పిన అష్టాంగాలలో ధ్యానం ఏడవది. ధారణకు తరువాత, సమాధికి ముందు వస్తుంది. భగవద్గీత ఆరవ అధ్యాయంలో మనసు గాలిలా పట్టు చిక్కదని అర్జునుడు మొరపెట్టుకోగా, కృష్ణుడు అది నిజమేనని ఒప్పుకుని అభ్యాస వైరాగ్యాలను మార్గంగా సూచిస్తాడు. ధ్యానం కష్టమన్న ఫిర్యాదు ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

బౌద్ధంలో శ్వాసను గమనించే పద్ధతిని ఆనాపానసతి అంటారు. ఇక్ష్వాకుల కాలంలో, అంటే సామాన్య శకం 3వ శతాబ్దంలో, నాగార్జునకొండ లోయలో అనేక బౌద్ధ విహారాలు వెలసిన సంగతి మీకు చరిత్ర పాఠాల ద్వారా తెలుసు. ఆధునిక కాలంలో ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారతదేశంలో విపశ్యన శిబిరాలను ప్రారంభించారు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న 'ధమ్మఖేత్త' కేంద్రం 1976లో ఏర్పడింది. అక్కడ పది రోజుల శిబిరాలు మౌనంగా సాగుతాయి.

జైనులు పాటించే సామాయికం 48 నిమిషాల నిశ్చల సాధన. సూఫీల జిక్ర్‌లో దైవనామ స్మరణ ఉంది. క్రైస్తవంలో మౌన ప్రార్థన ఉంది. అంటే ధ్యానం ఏ ఒక్క మతానికీ పరిమితమైనది కాదు. మత విశ్వాసం ఉన్నవారు తమ సంప్రదాయంలోనే దీన్ని అభ్యసించవచ్చు. లేనివారు కేవలం శ్వాసను ఆధారం చేసుకోవచ్చు.

ఆధునిక వైద్యరంగంలోకి ధ్యానం ప్రవేశించడంలో 1979 ముఖ్యమైన సంవత్సరం. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారి కోసం ఒక శిక్షణ ప్రారంభించారు. ఎరుకతో కూడిన ధ్యానాన్ని మతపరమైన పరిభాష లేకుండా నేర్పడం దీని ప్రత్యేకత. తరువాత వచ్చిన పరిశోధనలలో చాలావాటికి దీని ఎనిమిది వారాల నమూనాయే ఆధారమైంది. మన విషయానికి వస్తే, అమీర్‌పేటలోని ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం వంటి చోట్ల ప్రకృతి వైద్యంతో పాటు యోగాభ్యాసానికీ స్థానం ఉంది. ఐక్యరాజ్యసమితి 2024లో డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ప్రకటించింది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1

1. ధ్యానంలో ఇమిడి ఉన్న మూడు పనులు ఏవి?
2. అష్టాంగ యోగంలో ధ్యానం ఎన్నవది?

6.4 ధ్యానం ఎలా పనిచేస్తుంది?

6.4.1 శరీరంలో

మన ప్రమేయం లేకుండా గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం వంటి అవయవాలను నడిపే నాడీవ్యవస్థను స్వయంచోదిత నాడీవ్యవస్థ అంటారు. దీనిలో ప్రధానంగా రెండు శాఖలున్నాయి. ప్రమాదం ఎదురైనప్పుడు పోరాడటానికో పారిపోవడానికో శరీరాన్ని సిద్ధం చేసేది సహానుభూత శాఖ. ప్రమాదం తొలగాక శరీరాన్ని మామూలు స్థితికి తెచ్చేది పరసహానుభూత శాఖ. వాహనం ఎదురుగా దూసుకువచ్చినప్పుడు మొదటి శాఖ మన ప్రాణం కాపాడుతుంది. చిక్కు ఏమిటంటే, రేపటి ఇంటర్వ్యూ గురించిన ఆలోచన వచ్చినా అది అలాగే స్పందిస్తుంది. వాహనం క్షణంలో దాటిపోతుంది కానీ ఇంటర్వ్యూ గురించిన ఆలోచన రాత్రంతా ఉంటుంది.

శ్వాసకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. దానంతట అదే నడుస్తుంది; మనం కావాలనుకుంటే మన అదుపులోకీ వస్తుంది. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు కొద్దిగా తగ్గుతుంది. వదిలే సమయంలో వేగస్ నాడి ప్రభావం గుండె మీద ఎక్కువగా ఉండటమే దీనికి కారణం. కాబట్టి నెమ్మదిగా, దీర్ఘంగా శ్వాస వదులుతూ ఉంటే శరీరం శాంతించే దిశగా మళ్లుతుంది. మీ మణికట్టు దగ్గర నాడి పట్టుకుని దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు.

6.4.2 మనసులో

మనసు చెదరడం ఎంత సాధారణమో తెలిపే పరిశోధన ఒకటి 2010లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు 2,250 మందిని ఫోను ద్వారా రోజులో వేర్వేరు సమయాల్లో 'ఇప్పుడు ఏం చేస్తున్నారు? మనసు ఎక్కడుంది?' అని ప్రశ్నించారు. దాదాపు 47 శాతం సందర్భాలలో వారి మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు చెదిరి ఉన్నప్పుడు వారు తక్కువ సంతోషంగా ఉన్నట్లు కూడా తేలింది.

చదివే పుస్తకం ముందుంటుంది, కళ్లు అక్షరాల మీద నడుస్తాయి, పేజీ చివరికి వచ్చాక ఏం చదివామో గుర్తుండదు. ఈ అనుభవం మీకూ ఉండే ఉంటుంది. ఇక్కడ మనసు చెదిరిన సంగతి పేజీ అయిపోయాక తెలిసింది. ధ్యానాభ్యాసం వల్ల పెంపొందే ముఖ్యమైన నైపుణ్యం ఈ 'తెలియడాన్ని' ముందుకు జరపడం. పేజీ చివర తెలిసేది సగం పేజీకి, క్రమంగా రెండు వాక్యాలకే తెలియవచ్చు. కోపం విషయంలోనూ ఇంతే. మాట జారాక తెలిసే కోపం, మాట పెదవి దాటకముందే తెలిస్తే ఎంచుకునే అవకాశం మన చేతిలో ఉంటుంది.

6.5 పరిశోధనలు చెప్పే ప్రయోజనాలు

ధ్యానం గురించి పొగిడే మాటలు చాలా వినిపిస్తాయి. విద్యార్థులుగా మీరు ఏ ప్రయోజనానికి ఎంత ఆధారం ఉందో విడదీసి చూడటం అలవరచుకోవాలి.

(అ) ఆందోళన, వ్యాకులత, నొప్పి: 2014లో 'జామా ఇంటర్నల్ మెడిసిన్' పత్రికలో ప్రచురితమైన ఒక సమీక్ష 47 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 3,515 మంది ఫలితాలను కలిపి పరిశీలించింది. ఎరుకతో కూడిన ధ్యాన శిక్షణ ఆందోళనను, వ్యాకులతను, నొప్పిని కొంతమేరకు తగ్గిస్తుందని, ఈ విషయంలో ఆధారం మధ్యస్థంగా ఉందని తేల్చింది. ఒత్తిడి తగ్గుతుందనడానికి ఆధారం అంతకంటే బలహీనంగా ఉంది. వ్యాయామం, మందులు వంటి ఇతర మార్గాల కంటే ధ్యానం మెరుగైనదనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. కాబట్టి రోజూ నడకకు వెళ్లే వ్యక్తి ధ్యానం కోసం నడక మానుకోవలసిన అవసరం లేదు.

(ఆ) ఆందోళన రుగ్మత: 2022లో వెలువడిన ఒక ప్రయోగంలో ఆందోళన రుగ్మత ఉన్న 276 మందిని రెండు సమూహాలు చేశారు. ఒక సమూహానికి ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ, మరొక సమూహానికి ఎస్సిటలోప్రామ్ అనే మందు ఇచ్చారు. రెండు సమూహాలలోనూ ఆందోళన దాదాపు సమానంగా తగ్గింది. ఇది గొప్ప ఫలితమే. అయితే ఆ శిక్షణలో అనుభవజ్ఞులైన గురువుల వద్ద వారం వారం తరగతులు, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల అభ్యాసం ఉన్నాయి. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని ఈ ఫలితాన్ని ఆశించడం తగదు. ఈ వార్త విని వాడుతున్న మందులు మానేయడం ప్రమాదకరం.

(ఇ) చదువు, ఏకాగ్రత: 2013లో అమెరికాలో 48 మంది డిగ్రీ విద్యార్థులపై ఒక ప్రయోగం జరిగింది. సగం మందికి రెండు వారాలు ధ్యాన తరగతులు, మిగతా సగానికి పోషకాహార తరగతులు నిర్వహించారు. ధ్యానం నేర్చినవారికి చదివిన దాన్ని అర్థం చేసుకునే పరీక్షలో మార్కులు పెరిగాయి. పరీక్ష మధ్యలో మనసు చెదరడం తగ్గింది. సులువుగా మనసు చెదిరే విద్యార్థులకే ఎక్కువ మేలు కలిగింది. ఇది చిన్న ప్రయోగం. పైన చెప్పిన 2014 సమీక్ష మాత్రం ఏకాగ్రత విషయంలో ఆధారం చాలదని పేర్కొంది. ఆశ ఉంది, నిర్ధారణ లేదు అని ఈ విషయాన్ని అర్థం చేసుకోవాలి.

(ఈ) అందరికీ ఒకే విధంగా నేర్పితే? బ్రిటన్‌లో పాఠశాల పిల్లలకు తరగతిలో అందరికీ కలిపి ఎరుక శిక్షణ ఇచ్చి చూశారు. 8,000 మందికి పైగా పిల్లలు పాల్గొన్న ఈ ప్రయోగ ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు బోధన కంటే అదనపు మేలు కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అభ్యాసం చేయకపోవడం కూడా గమనించారు. ఇష్టంతో, క్రమం తప్పకుండా చేయకపోతే ధ్యానం మరో పీరియడ్‌గా మిగిలిపోతుందని ఈ ప్రయోగం నుంచి మనం గ్రహించవచ్చు.

పై నాలుగు అంశాలను కలిపి చూస్తే, ధ్యానం వల్ల కలిగే మేలు నిజమైనదే కానీ అది మితమైనది. అది రోజువారీ అభ్యాసం మీద ఆధారపడి ఉంటుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2

3. శ్వాస వదిలినప్పుడు గుండె వేగం తగ్గడానికి ఏ నాడి కారణం?
4. 2014 సమీక్ష ప్రకారం ధ్యానం వ్యాయామం కంటే మెరుగైనదని చెప్పవచ్చా?

6.6 నిత్యాభ్యాస విధానం

కొత్తగా ప్రారంభించేవారికి రోజుకు పది నిమిషాలు చాలు. నెల గడిచాక పదిహేను లేదా ఇరవై నిమిషాలకు పెంచుకోవచ్చు. ఆదివారం గంటసేపు కూర్చుని మిగతా ఆరు రోజులు మానేయడం కంటే రోజూ పది నిమిషాలు కూర్చోవడం మేలు.

స్థలం: ప్రత్యేకమైన గది ఉండాలన్న నియమం లేదు. హాస్టల్లో ఉండేవారు తమ మంచం మీదనే, గోడకు ఆనుకోకుండా కూర్చోవచ్చు. నేల మీద కూర్చోలేనివారికి కుర్చీ చాలు. రోడ్డు మీద హారన్లు మోగుతాయి, పక్కమంచం మీద స్నేహితుడు ఫోనులో మాట్లాడతాడు. వాటితో పోరాడనవసరం లేదు. శబ్దం వినబడింది అని గుర్తించి శ్వాస దగ్గరికి తిరిగి రావడమే అభ్యాసం.

సమయం: ఇప్పటికే ఉన్న ఒక అలవాటుకు ధ్యానాన్ని జతచేయండి. పళ్లు తోముకున్నాక, టీ తాగే ముందు అనుకోండి. 'తీరిక దొరికినప్పుడు చేస్తాను' అనుకునేవారికి ఆ తీరిక దొరకదు. భోజనం చేసిన వెంటనే కూర్చుంటే నిద్ర వస్తుంది.

క్రమం:

1. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా ఉంచి కూర్చోండి. కళ్లు మెల్లగా మూయండి. కళ్లు మూస్తే ఇబ్బందిగా ఉంటే చూపును నేల మీద నిలపండి.
2. మూడుసార్లు నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. ఆ తరువాత శ్వాసను దాని మానాన వదిలేయండి.
3. ముక్కు పుటాల దగ్గరో, పొట్ట దగ్గరో శ్వాస స్పర్శ స్పష్టంగా తెలిసే ఒక చోటును ఎంచుకుని అక్కడే గమనించండి.
4. వదిలే ప్రతి శ్వాసకూ ఒకటి చొప్పున పది వరకు లెక్కించండి. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. తప్పినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.
5. అనుకున్న సమయం పూర్తయ్యాక వెంటనే ఫోను అందుకోకండి. ఒక్క నిమిషం ఊరికే కూర్చుని, తరువాత చేయబోయే పనిని తలచుకుని లేవండి.

అలవాటు ఎన్నాళ్లకు స్థిరపడుతుంది? 21 రోజులు చాలని తరచుగా వింటుంటాం. 2010లో ప్రచురితమైన లండన్ పరిశోధన ఒకటి 96 మందిని గమనించి, ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని తేల్చింది. కొందరికి 18 రోజులే సరిపోగా, మరికొందరికి 254 రోజుల వరకు పట్టవచ్చని అంచనా వేసింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అదే పరిశోధన చెప్పింది. కాబట్టి పండుగకు ఊరు వెళ్లి రెండు రోజులు మానేసినవారు మూడో రోజు మళ్లీ కూర్చుంటే సరిపోతుంది.

6.7 పరిమితులు, జాగ్రత్తలు

ఈ విషయాన్ని నా అనుభవం నుంచి ఒక ఉదాహరణతో వివరిస్తాను.

చాలా ఏళ్ల కిందట నేను అధ్యాపకుడిగా ఉన్నప్పుడు, అమీర్‌పేట ప్రాంతంలో హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్న ఒక విద్యార్థి నన్ను కలిశాడు. నెల రోజులుగా నిద్ర పట్టడం లేదన్నాడు. అన్నం సహించడం లేదన్నాడు. నాకు ధ్యానం మీద అప్పటికే నమ్మకం ఉంది. శ్వాసను గమనించే పద్ధతి అరగంటసేపు నేర్పి, రోజూ ఇరవై నిమిషాలు చెయ్యమని, మనసు కుదుటపడుతుందని చెప్పి పంపాను. మంచి పని చేశానని సంతోషించాను కూడా.

మూడు వారాల తరువాత మళ్లీ వచ్చాడు. ఇంకా చిక్కిపోయి ఉన్నాడు. కళ్లు మూసుకుంటే గుండె దడ పెరుగుతోందని చెప్పి, 'సార్, నాకు ధ్యానం కూడా చేతకాలేదు' అన్నాడు.

ఆ 'కూడా' అన్న మాట దగ్గర నాకు నా తప్పు అర్థమైంది. తాను దేనికీ పనికిరానని అప్పటికే అనుకుంటున్న అబ్బాయి చేతిలో నేను ఇంకో పరీక్ష పెట్టాను. దానిలోనూ తప్పానని అతను లెక్క వేసుకున్నాడు. అతని బాధ వైద్యుడు చూడవలసిన వ్యాకులత. నిద్ర ఎన్నాళ్లుగా లేదు, ఆకలి ఎలా ఉంది, బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని నేను మొదటి రోజే అడగవలసింది. అడగలేదు. ఆ రోజే అతని తండ్రికి కబురు చేసి, ఇద్దరినీ వెంటబెట్టుకుని మానసిక వైద్యుని దగ్గరికి వెళ్లాను. నెలల తరబడి చికిత్స జరిగింది. ఒక సంవత్సరం ఆలస్యంగానైనా డిగ్రీ పూర్తిచేశాడు. ఆరోగ్యం కుదుటపడ్డాక తన అంతట తానే వచ్చి ధ్యానం మళ్లీ నేర్పమని అడిగాడు. ఈసారి ఐదు నిమిషాలతో, కళ్లు తెరిచే మొదలుపెట్టాం.

ఈ ఉదాహరణ నుంచి గ్రహించవలసిన జాగ్రత్తలు ఇవి:

• రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. ధ్యానం తరువాత సంగతి.
• చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఇంట్లోవారికి గానీ స్నేహితులకు గానీ వెంటనే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అమీర్‌పేటకు కొద్ది స్టేషన్ల దూరంలోనే ఉంది. అక్కడికి వెళ్లడం సిగ్గుపడవలసిన విషయం కాదు.
• ధ్యానంలో కూర్చున్నప్పుడు దడ, భయం, పాత బాధాకర జ్ఞాపకాలు పెరుగుతుంటే బలవంతంగా కొనసాగించకండి. కళ్లు తెరవండి, లేచి నడవండి. తీవ్ర మానసిక రుగ్మతకు చికిత్స పొందుతున్నవారు వైద్యుని సలహా లేకుండా దీర్ఘ శిబిరాలకు వెళ్లకూడదు.
• రక్తపోటు, మధుమేహం, మానసిక వ్యాధుల మందులను ధ్యానం కారణంగా సొంతంగా తగ్గించుకోకూడదు.
• ధ్యానం పరిస్థితులను మార్చదు. గదిలో గాలి ఆడకపోతే, ఫీజు కట్టించుకుని పాఠం సరిగా చెప్పకపోతే, వాటిని అడిగి సరిచేయించుకోవాలి. ఓర్చుకోవడానికి ధ్యానాన్ని సాధనంగా ఎవరైనా సూచిస్తే ఆ సలహాను ప్రశ్నించండి.

ఇన్ని పరిమితులు చెప్పాక, 'మరి మీరెందుకు చేస్తున్నారు?' అని మీరు అడగవచ్చు. పంజాగుట్టలోని మా ఇంట్లో ఉదయం ఐదున్నరకు, వాహనాల రొద పెరగకముందే, ఇరవై నిమిషాలు కూర్చుంటాను. పదవీ విరమణకు ముందు నుంచీ ఉన్న అలవాటు ఇది. నా కోపం పోలేదు. మా ఇంట్లోవాళ్లను అడిగినా అదే చెబుతారు. అయితే కోపం వస్తున్నదని ఇదివరకటి కంటే కొద్దిగా ముందే తెలుస్తోంది. ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా వినగలుగుతున్నాను. ఆ విద్యార్థి మొదటిసారి వచ్చిన రోజున నాలో లేనిది ఇదే. అతను చెబుతుండగానే నా దగ్గర సమాధానం సిద్ధమైపోయింది.

6.8 సారాంశం

మనసును ఒక విషయం మీద నిలపడం, చెదిరినప్పుడు గమనించడం, వెనక్కి తేవడం - ఈ మూడింటి నియమబద్ధ అభ్యాసమే ధ్యానం. అనేక భారతీయ సంప్రదాయాలలో ఏదో ఒక రూపంలో ఇది ఉంది. నెమ్మదైన శ్వాస స్వయంచోదిత నాడీవ్యవస్థ ద్వారా శరీరాన్ని శాంతపరుస్తుంది. ఆందోళన, వ్యాకులత, నొప్పి కొంతమేరకు తగ్గుతాయనడానికి మధ్యస్థమైన ఆధారం ఉంది. ఏకాగ్రత విషయంలో ఇంకా పరిశోధన అవసరం. రోజూ పది నిమిషాలతో ప్రారంభించి, ఉన్న అలవాటుకు జతచేసుకుంటే అభ్యాసం నిలుస్తుంది. ధ్యానం చికిత్సకు తోడు కాగలదు కానీ చికిత్స స్థానాన్ని తీసుకోలేదు.

6.9 ముఖ్య పదాలు

ఆనాపానసతి: లోనికి వచ్చే, బయటికి పోయే శ్వాసను ఎరుకతో గమనించే బౌద్ధ ధ్యాన పద్ధతి.
ఎరుక: ఈ క్షణంలో జరుగుతున్న దాన్ని మంచిచెడ్డలు ఎంచకుండా గమనించడం.
స్వయంచోదిత నాడీవ్యవస్థ: మన ప్రమేయం లేకుండా అంతరావయవాలను నియంత్రించే నాడీవ్యవస్థ.
వ్యాకులత: దీర్ఘకాలం కొనసాగే దిగులు, నిరాసక్తత, నిద్ర-ఆకలి మార్పులతో కూడిన మానసిక అస్వస్థత.

6.10 మీ ప్రగతిని తెలుసుకోండి - సమాధానాలు

1. మనసు నిలపడం, చెదిరినప్పుడు గమనించడం, తిరిగి తీసుకురావడం.
2. ఏడవది.
3. వేగస్ నాడి.
4. చెప్పలేం. అందుకు తగిన ఆధారం లభించలేదు.

6.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ధ్యానం ప్రయోజనాలపై జరిగిన పరిశోధనలను సమీక్షించండి.
2. ధ్యానానికి ఉన్న పరిమితులను, పాటించవలసిన జాగ్రత్తలను ఉదాహరణతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శ్వాసకూ స్వయంచోదిత నాడీవ్యవస్థకూ ఉన్న సంబంధాన్ని తెలపండి.
2. ధ్యానానికీ విశ్రాంతికీ తేడా ఏమిటి?

III. అభ్యాస కృత్యం
రెండు వారాలపాటు రోజూ పది నిమిషాలు ధ్యానం చేసి, ప్రతిరోజూ మూడు విషయాలు నోటుపుస్తకంలో రాయండి: కూర్చున్న సమయం, ముందురోజు రాత్రి నిద్రపోయిన గంటలు, ఆ రోజు మనసు చెదిరిన సంగతి ముందుగా గుర్తించిన ఒక సందర్భం. మేలు కనిపించకపోతే ఆ సంగతి కూడా ఉన్నది ఉన్నట్లుగా రాయండి. దాన్ని సంపర్క తరగతిలో మీ కౌన్సిలర్‌తో చర్చించండి.